ఒంటరిగా నర్మదా పరిక్రమ: అపోహలు - వాస్తవాలు

నర్మదా పరిక్రమకు, అంటే నర్మదా నది చుట్టూ కాలినడకన చేసే ప్రదక్షిణకు, మొదటిసారి ఒంటరిగా బయలుదేరాలనుకునేవారిని సిద్ధం చేయడం కొంతకాలంగా నా పని. వాళ్లు అడిగే ప్రశ్నల్లో దొంగలు ఉంటారు, చిరుతలు ఉంటాయి, చీకటి ఉంటుంది. అరికాళ్ల గురించి మాత్రం దాదాపు ఎవరూ అడగరు. దారి మధ్యలో ఇంటిముఖం పట్టినవారిలో నాకు తెలిసినవారంతా కాళ్లవల్లో, ఎండవల్లో, కడుపు పాడవడంవల్లో వెనుదిరిగినవారే. భయపడటం తప్పు కాదు. భయపడాల్సినవాటిని వదిలేసి అక్కర్లేనివాటికి భయపడుతున్నాం, అదే నా బాధ.

అమర్‌కంటక్‌లో పుట్టి భరూచ్ దాటాక సముద్రంలో కలిసే నర్మద పొడవు 1,312 కిలోమీటర్లు. నదిని కుడిచేతివైపు ఉంచుకొని, ఎక్కడా దాటకుండా రెండు ఒడ్లూ చుట్టి రావాలి. అంటే 2,600 కిలోమీటర్లకు పైమాటే. సంప్రదాయం చెప్పే గడువు మూడేళ్ల మూడు నెలల పదమూడు రోజులు. ఇప్పుడు చాలామంది నాలుగు నుంచి ఆరు నెలల్లో ముగిస్తున్నారు. 2024 మే నెలలో నర్మదా పుష్కరాలకు ఓంకారేశ్వర్ వెళ్లి, అక్కడే ఈ సంకల్పం కలిగిందని చెప్పే తెలుగువారు ఈమధ్య తరచుగా కలుస్తున్నారు. ఈ మాటలు ముఖ్యంగా వారికోసం.

అపోహ: ఒక్కరే వెళితే రోజుల తరబడి మనిషి ముఖం కనిపించదు.

కార్తీక శుద్ధ ఏకాదశి దాటాక బయలుదేరితే ముందూ వెనకా ఎవరో ఒకరు నడుస్తూనే ఉంటారు. సాయంత్రం ఆశ్రమం గడప దగ్గర నిలబడి 'నర్మదే హర్' అంటే లోపలినుంచి అదే జవాబు వస్తుంది. వెంటనే 'ఎన్ని మూర్తులు?' అని అడుగుతారు. పరిక్రమవాసులను అక్కడ అలాగే లెక్కిస్తారు. ఒక్కరమే అని చెబితే ఎవరూ వింతగా చూడరు. పక్క పరుచుకునే చోటు చూపిస్తారు, కలుపుతున్న పిండిలో ఇంకో గుప్పెడు పడుతుంది. కొన్నిచోట్ల వండిన భోజనానికి బదులు సదావ్రతం ఇస్తారు. పిండి, పప్పు, ఉప్పు వాళ్లిస్తారు, వంట మీది. కాబట్టి టిక్కడ్ అనే ఆ మందపాటి రొట్టె కాల్చడం ఇంట్లోనే నేర్చుకొని వెళ్లండి.

ఒంటరితనం అసలే ఉండదని అనను. మొదటి వారంలో, మధ్యాహ్నపు ఎండలో, పొలాల మధ్య ఎవరూ లేని దారిలో గట్టిగా తాకుతుంది. రెండో వారానికి చాలామందికి తగ్గుతుంది. ఆ మొదటి వారంలో ఇంటికి గంటకోసారి ఫోను చేయకండి. రాత్రి ఒక్కసారి చేసి ఎక్కడ ఆగారో, రేపు ఎటు వెళతారో చెబితే ఇంట్లోవాళ్లకూ నెమ్మది, మీకూ నెమ్మది.

అపోహ: శూలపాణి ఝాడీలో భిల్లులు ఒంటిమీది బట్టలతో సహా దోచుకుంటారు.

మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్ సరిహద్దుల్లోని ఈ కొండల గురించిన పాత కథ ఇది. పరిక్రమవాసులు వాళ్లను 'మామలు' అనేవారు. ఉన్నదంతా ఇచ్చేయించి అహంకారం వదిలించడం నర్మదమ్మ పరీక్ష అని నమ్మేవారు. ఒకప్పుడు దోపిడీలు జరిగినమాట నిజమే. ఇప్పుడు అదే కొండల్లో, అవే గిరిజన గ్రామాల్లో, పిలిచి టీ ఇస్తున్నారు, రాత్రికి వసారాలో చోటిస్తున్నారు. తమకే చాలీచాలని ఇళ్లలో అన్నం పెట్టేవారిని ఇంకా దొంగలని చెప్పుకోవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

ఈ కొండల్లో జాగ్రత్తపడాల్సింది వేరే ఉంది. సర్దార్ సరోవర్ జలాశయం నిండాక ఒడ్డునున్న పాత దారి చాలాభాగం మునిగింది. పాత శూలపాణేశ్వర ఆలయం కూడా మునిగిపోతే, గోరా గ్రామం దగ్గర కొత్తది కట్టారు. అందువల్ల పాత పుస్తకాల్లోని దారిని నమ్ముకోవద్దు. ముందురోజు బస చేసిన చోట తర్వాతి ఊరి పేరు, అక్కడికి దూరం, మధ్యలో నీరు దొరికే చోటు అడిగి కాగితంమీద రాసుకోండి. చాలాచోట్ల ఫోనుకు సిగ్నల్ అందదు.

అపోహ: అడవి జంతువులే పెద్ద ప్రమాదం.

ఊరికుక్కలు అంతకంటే పెద్ద ప్రమాదం. చేతికర్ర ఉంచుకోండి, పరుగెత్తకండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ప్రభుత్వ ఆస్పత్రిలో టీకా వేయించుకోండి. అంబులెన్సుకు 108, పోలీసులకు 112.

అపోహ: అరుణాచలం గిరిప్రదక్షిణ హాయిగా చేశాను, ఇదీ చేయగలను.

ఇక్కడ కాసేపు ఆగాలి. గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, ఒక్క రాత్రి. మర్నాడు పడుకోవచ్చు. పరిక్రమలో మర్నాడు మళ్లీ లేవాలి, ఆ మర్నాడూ లేవాలి. శరీరం సంగతి తేలేది మూడో రోజు, నాలుగో రోజు. పిక్కల కండరాలు కొన్ని వారాల్లో బలపడతాయి. మడమ దగ్గరి నరాల్లాంటి బిగువైన కట్లకు అంతకంటే చాలా ఎక్కువ సమయం కావాలి. ఉత్సాహంతో మొదటి మూడు రోజులూ ముప్పై కిలోమీటర్ల చొప్పున నడిచినవారికి ఆ కట్లే వాచిపోతాయి. మొదటి పది రోజులు రోజుకు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు దాటవద్దని నేను గట్టిగా చెబుతాను.

బొబ్బలు రాపిడివల్ల వస్తాయి. చెమట, వేడి తోడైతే త్వరగా వస్తాయి. చర్మం చురుక్కుమన్న క్షణానే ఆగి, చెప్పు విప్పి, కాలు తుడిచి, ఆ చోట ప్లాస్టర్ వేయండి. వచ్చే ఊళ్లో చూసుకుందాం అనుకుంటే అప్పటికే నీరు చేరుతుంది. పాదరక్షలు కొత్తవి వద్దు, కనీసం నెలరోజులు వాడినవి కావాలి. పాదయాత్రలో పాదాలు ఉబ్బుతాయి కాబట్టి అర సైజు పెద్దవి మంచివి. సంచి బరువు మీ బరువులో పదోవంతు మించకూడదు. మధుమేహం ఉన్నవారు ప్రతి రాత్రీ దీపం వెలుగులో అరికాళ్లు పరీక్షించుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి గాయమైనా తెలియదు.

సాధన కావాలంటే మనదగ్గరే ఉంది. శివరాత్రికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో శ్రీశైలం నడిచి వెళ్లండి. లేదా చైత్రంలో గుజరాత్‌లోని తిలక్‌వాడా వైపు, నర్మద ఉత్తరదిశగా పారే చోట, ఒక్కరోజులో ముగిసే ఉత్తరవాహిని పరిక్రమ చేయండి. తర్వాత ఇంటి దగ్గర నాలుగు రోజులు వరుసగా, సంచి వేసుకొని నడిచి చూడండి.

అపోహ: అంతా అమ్మే చూసుకుంటుంది, మనం ఏమీ పట్టుకెళ్లనక్కర్లేదు.

అమ్మ చూసుకుంటుందని నేనూ నమ్ముతాను. ఆ నమ్మకం మందులు మానేయడానికి మాత్రం కాదు. బీపీ, షుగరు మాత్రలు నెలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా ఉండాలి. ఆశ్రమాల్లో భోజనవేళలు మన చేతిలో ఉండవు. అడుగడుగునా తీపి టీ ఇస్తారు, దాన్ని నవ్వుతూ వద్దనడం నేర్చుకోవాలి. తాగడానికి చేతిపంపు నీరు, లేదా మరిగించిన నీరు. తీర్థం నోట్లో వేసుకోవడం వేరు, నది నీటితో సీసా నింపుకొని రోజంతా తాగడం వేరు.

స్నానానికి దిగేముందు ఆనకట్టల సంగతి గుర్తుంచుకోండి. బర్గీ, ఇందిరా సాగర్, ఓంకారేశ్వర్ ఆనకట్టల నుంచి నీరు వదిలితే దిగువన మట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది. 2005 ఏప్రిల్‌లో దేవాస్ జిల్లా ధారాజీ వద్ద అలా వచ్చిన నీటిలో పదులమంది యాత్రికులు కొట్టుకుపోయారు. ఒంటరిగా ఉన్నప్పుడు మోకాలి లోతు దాటకండి.

అపోహ: ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లలేరు.

వెళుతున్నారు, పూర్తి చేసి వస్తున్నారు. అమ్మా, మైయా అని పిలిచి ఆదరించే ఊళ్లే ఎక్కువ. అయినా ఒక నియమం గట్టిగా పాటించాలి: నాలుగు గంటలకల్లా బస కుదుర్చుకోవాలి, అది కుటుంబమో ఇతర మహిళలో ఉన్న చోటు కావాలి. ఏ చోటైనా మనసుకు నచ్చకపోతే కారణం చెప్పకుండా లేచి వచ్చేయండి. కొన్ని రోజులు ఎవరితోనైనా కలిసి నడిచినంత మాత్రాన మీ పరిక్రమకు లోటేమీ రాదు. నర్మద సముద్రంలో కలిసే చోట, విమలేశ్వర్ దగ్గర, సముద్రం మీదుగా అవతలి ఒడ్డుకు చేర్చే పడవ ఎక్కేటప్పుడు ఎలాగూ అందరూ కలిసే వెళ్లాలి.

అపోహ: మధ్యలో ఆగితే సంకల్పం భంగమై పాపం చుట్టుకుంటుంది.

వాచిన మోకాలితో, జ్వరంతో నడిచేలా చేసేది ఈ ఒక్క మాటే. ఖండ పరిక్రమ, అంటే విడతలుగా చేయడం, ఎప్పటినుంచో చాలామంది పాటిస్తున్న పద్ధతి. సంకల్పం చెప్పుకునేటప్పుడే దీన్ని పురోహితుడితో మాట్లాడుకోండి. మళ్లీ వచ్చినప్పుడు ఆగిన ఊరినుంచే నడక మొదలుపెట్టాలి కాబట్టి, వెనుదిరిగే రోజున అక్కడి ఆశ్రమంలోనో పంచాయతీలోనో మీ పరిక్రమ పత్రంమీద, అంటే దారిలో ముద్రలు వేయించుకునే కాగితంమీద, తేదీతో ముద్ర వేయించుకోండి.