కాలేజీ ఆటగాళ్ల సంపాదన: నా టేబుల్ దగ్గర వినే అపోహలు, అసలు వాస్తవాలు

డల్లాస్ పరిసరాల్లోని తెలుగు కుటుంబాలకు ట్యాక్స్ రిటర్నులు వేయడం నా పని. చాలా ఏళ్లు డబ్ల్యూ-2లు (జీతం ఫారాలు), స్టాక్ అమ్మకాలు, ఇండియాలో ప్లాటు అమ్మిన లెక్కలు, ఇవే చూశాను. 2021 తర్వాత కొత్త రకం కాగితం టేబుల్ మీదికి రావడం మొదలైంది. పంతొమ్మిదేళ్ల పిల్లల పేరు మీద 1099 ఫారం, అంటే జీతం కాని చెల్లింపులకు కంపెనీలు ఇచ్చే కాగితం! యూనివర్సిటీ టీమ్‌లో టెన్నిస్ ఆడే అమ్మాయి, ట్రాక్‌లో పరుగెత్తే అబ్బాయి, వాళ్ల వెనకాల కంగారుగా అమ్మానాన్నలు. దీన్ని ఇక్కడ ఎన్‌ఐఎల్ అంటారు. నేమ్, ఇమేజ్, లైక్‌నెస్. అంటే ఆటగాడు తన పేరు, తన ఫొటో, తన గుర్తింపు వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకునే హక్కు.

ఈ పిల్లల సంపాదన చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. కానీ ఇంట్లోవాళ్లు దాన్ని బహుమతి అనుకుంటారు. నిజానికి అది చిన్న వ్యాపారం. ఆ తేడా తెలియక నష్టపోయినవాళ్లను చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

అపోహ: కాలేజీలో ఆడుతూ డబ్బు తీసుకుంటే ఆట నుంచి తీసేస్తారు.

ఒకప్పుడు నిజమే. మన దగ్గర నుంచి వచ్చినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. పి.వి. సింధు మెహదీపట్నం సెయింట్ ఆన్స్‌లో చదువుకుంటూనే ఆడింది. ప్రకటనల్లో కనిపిస్తే కాలేజీ టీమ్‌లో ఉండకూడదని మన దగ్గర ఎవరూ అనరు. అమెరికాలో మాత్రం కాలేజీ ఆటలను నడిపించే ఎన్‌సీఏఏ అనే సంస్థ, ఆటగాడంటే అమెచ్యూర్‌గానే ఉండాలని దశాబ్దాల పాటు పట్టుబట్టింది. స్టేడియంలో లక్షమంది కూర్చున్నా, టీవీ హక్కులకు కోట్ల డాలర్లు వచ్చినా, ఆడేవాడికి స్కాలర్‌షిప్ దాటి రాకూడదు.

ఆ నియమం ఎంత కఠినమో డొనాల్డ్ డె లా హే కథ చెబుతుంది. సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌లో కిక్కర్. సొంతంగా యూట్యూబ్ వీడియోలు చేసుకునేవాడు. ఆటగాడిగా తన గుర్తింపు కనిపించే వీడియోల మీద డబ్బు తీసుకోకూడదని షరతు పెడితే ఒప్పుకోలేదు. 2017లో ఆడే అర్హత పోయింది. వీడియోలు తీయడం అతని సొంత ప్రతిభ, అయినా కుదరలేదు. అప్పట్లో ఆటగాళ్లు చిన్న వ్యాపారం పెట్టుకోవచ్చు గానీ, దాని ప్రచారానికి తమ పేరు, ఫొటో, ఆటలో వచ్చిన పేరు వాడకూడదు. వాలీబాల్ ఆడే మన అమ్మాయి ఎవరైనా కూచిపూడి క్లాసులు పెట్టి, పోస్టర్ మీద టీమ్ జెర్సీలో ఉన్న ఫొటో వేసుకుంటే తప్పయ్యేది.

మార్పు ఒక్క రోజులో రాలేదు. యూసీఎల్ఏలో బాస్కెట్‌బాల్ ఆడిన ఎడ్ ఓబానన్, తన రూపాన్ని వీడియో గేములో వాడుకున్నారని 2009లో కోర్టుకెళ్లారు. ఆటగాళ్లు తమ పేరు, ఫొటోలతో సంపాదించుకోవచ్చని 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా చట్టం చేసింది. 2021 జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు చదువుకు సంబంధించిన సాయాల గురించే, ఎన్‌ఐఎల్ గురించి కాదు. కానీ గాలి ఎటు వీస్తోందో అందరికీ అర్థమైంది. పది రోజులకే, 2021 జూలై 1 నుంచి తలుపులు తెరుచుకున్నాయి. ఆ మొదటి రోజే ఫ్రెస్నో స్టేట్ బాస్కెట్‌బాల్ కవలలు హేలీ, హన్నా కావిండర్ ఒక మొబైల్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు.

అపోహ: ఎన్‌ఐఎల్ అంటే కాలేజీ ఇచ్చే జీతం.

రెండు దారుల్లో డబ్బు వస్తుంది, కలిపేయకండి. మొదటిది బయటి కంపెనీలు, షాపులు, అభిమానుల బృందాలు ఇచ్చేది. రెండోది 2025 జూలై 1 నుంచి మొదలైంది. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీని జడ్జి క్లాడియా విల్కెన్ 2025 జూన్ 6న ఆమోదించాక, ఒప్పుకున్న స్కూళ్లు (ఇక్కడ కాలేజీలనూ స్కూళ్లే అంటారు) తమ ఆదాయంలో కొంత నేరుగా ఆటగాళ్లకు పంచవచ్చు. మొదటి ఏడాది ఒక్కో స్కూలుకు పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. వినడానికి పెద్దగా ఉంది కదా అని ఆశపడకండి. పెద్ద స్కూళ్లలో అందులో చాలా భాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు పోతుంది. మన పిల్లలు ఎక్కువగా ఆడే టెన్నిస్, గోల్ఫ్, స్విమ్మింగ్ దగ్గరికి వచ్చేసరికి మిగిలేది తక్కువ. పైగా అదే రాజీతో టీమ్‌లో ఇంతమందే ఉండాలనే పరిమితులు వచ్చాయి. స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో చేరే పిల్లలకు కొన్ని చోట్ల సీటే దొరకడం లేదు. దీని గురించి ఎవరూ సరిగా మాట్లాడటం లేదని నా బాధ.

అపోహ: ఇదంతా స్టార్లకే.

బాస్కెట్‌బాల్ స్టార్ కెయిట్లిన్ క్లార్క్‌కు అయోవాలో చదువుతుండగానే నైకీ, గేటరేడ్, స్టేట్ ఫార్మ్ ఒప్పందాలు ఉండేవి. నా దగ్గరికి వచ్చే పిల్లలవి అలాంటివి కావు. ఊళ్లో రెస్టారెంట్ గురించి సోషల్ మీడియాలో పోస్టు పెడితే మూడు వందల డాలర్లు, వేసవిలో చిన్నపిల్లలకు టెన్నిస్ క్యాంపు, ఒక జత బూట్లు, ప్రొటీన్ పౌడర్ డబ్బాలు. మొత్తం ఏడాదికి రెండు మూడు వేలు. కానీ ఆ పిల్ల తన పుస్తకాల ఖర్చు తనే పెట్టుకోగలిగితే అది చిన్న విషయమా?

అపోహ: ఫారం రాలేదు, బహుమతిగా ఇచ్చారు, కాబట్టి ట్యాక్స్ లేదు.

నేను ఎక్కువగా వినేది ఇదే. "మావాడికి డీలర్‌షిప్ వాళ్లు కారు ఫ్రీగా ఇచ్చారండీ, దానికి ట్యాక్స్ ఏముంటుంది?" అని ఒక నాన్న అడిగారు. ఉంటుంది. కారుకు బదులుగా ఆ అబ్బాయి నెలకు రెండు పోస్టులు పెట్టాలి, షోరూంకి వెళ్లి ఫొటోలు దిగాలి. అంటే అది పనికి ఇచ్చిన ప్రతిఫలం. ఆ కారును బయట లీజుకు తీసుకుంటే ఎంతవుతుందో అంత ఆదాయం కింద చూపాలి. చేతికి డబ్బు రాలేదు, ట్యాక్స్ మాత్రం డబ్బుగా కట్టాలి. ఇది ముందే తెలిస్తే ఆయన "కారుతో పాటు కొంత క్యాష్ కూడా ఇవ్వండి" అని అడిగేవారు.

1099 ఫారం గురించి కూడా అంతే. 2025 వరకు 600 డాలర్లు, ఆపైన ఇస్తే కంపెనీ ఫారం పంపాలి. 2026లో ఇచ్చే చెల్లింపుల నుంచి ఆ హద్దు 2,000 అయింది. ఫారం పంపడం వాళ్ల బాధ్యత, ఆదాయం చూపడం మనది. ఫారం వచ్చినా రాకపోయినా, ఖర్చులు పోను సొంత సంపాదన 400 డాలర్లు, ఆపైన ఉంటే రిటర్ను వేయాలి.

ఒక లెక్క చెబుతాను. ఇక్కడి పౌరురాలైన అమ్మాయికి ఖర్చులు పోను 10,000 డాలర్లు మిగిలాయనుకోండి. వేరే ఆదాయం లేదు. ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా, ఎందుకంటే స్టాండర్డ్ డిడక్షన్‌లో అంతా పోతుంది. "హమ్మయ్య" అనుకునేలోపు సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ వస్తుంది: సుమారు 1,413 డాలర్లు. ఉద్యోగంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ సగం యజమాని కడతాడు. ఇక్కడ యజమాని ఆ అమ్మాయే, రెండు సగాలూ తనే కట్టాలి. మూడు నెలలకోసారి కాదు గానీ ఏడాదికి నాలుగుసార్లు ముందస్తు చెల్లింపులు ఉంటాయి: ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, మళ్లీ జనవరి 15. ముందు ఏడాది అసలు ట్యాక్సే లేకపోతే మొదటి ఏడాది సాధారణంగా పెనాల్టీ పడదు. అదొక్కటే ఊరట.

అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లకూ ఒకటే చెబుతాను. వచ్చిన ప్రతి వందలో పాతిక వేరే అకౌంటులో వేయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ఏజెంట్ కమీషన్, షూటింగ్‌కి వెళ్లిన మైళ్లు, అన్నీ రాసిపెట్టుకో. మిగిలితే రాత్ ఐఆర్‌ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో వేయి, 2025కి పరిమితి 7,000 డాలర్లు. పంతొమ్మిదేళ్లప్పుడు వేసిన డబ్బుకు పెరగడానికి నలభై ఏళ్లు ఉంటాయి.

అపోహ: టీమ్‌లో అందరూ చేస్తున్నారు కదా, మా పిల్లకూ పర్లేదు.

ఇది చదివేవాళ్లలో హెచ్-1బీ కుటుంబాలు ఎక్కువ ఉంటాయి కాబట్టి నెమ్మదిగా చదవండి. ట్యాక్స్ తప్పయితే సరిదిద్దుకోవచ్చు. వీసా తప్పయితే సరిదిద్దడం చాలా కష్టం.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివే పిల్లలకు క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని తప్ప, అనుమతి లేకుండా బయట పని చేసే వీల్లేదు. ఎన్‌ఐఎల్ కోసమంటూ ప్రత్యేక వర్క్ పర్మిట్ ఏదీ లేదు. ప్రకటనలో నటించడం, పోస్టు పెట్టడం, ఆటోగ్రాఫులకు కూర్చోవడం, ఇవన్నీ పని కిందికి వచ్చే ప్రమాదం ఉంది. పర్డ్యూలో బాస్కెట్‌బాల్ ఆడిన జాక్ ఈడీ కెనడావాడు, వరుసగా రెండేళ్లు దేశంలోనే ఉత్తమ ఆటగాడు. అయినా పక్కన కూర్చునే సహచరుల్లా స్వేచ్ఛగా ఒప్పందాలు చేసుకోలేకపోయాడు. కాంగో నుంచి వచ్చి కెంటకీలో ఆడిన ఆస్కర్ షీబ్వే, 2022 ఆగస్టులో టీమ్ బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ తన ఎన్‌ఐఎల్ పనులు చేసుకున్నాడు. పని జరిగింది అమెరికా బయట కాబట్టి ఆ దారి దొరికింది.

మన పిల్లల్లో ఇంకో రకం ఉన్నారు. మూడేళ్లప్పుడు వచ్చారు, యాస, స్నేహాలు, ఆట అన్నీ ఇక్కడివే, కానీ కాగితం మీద హెచ్-4, అంటే హెచ్-1బీ వాళ్ల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే వీసా. గ్రీన్‌కార్డు లైనులో అమ్మానాన్నల వెనక నిలబడి ఉంటారు, ఇరవై ఒకటి నిండితే ఆ లైను నుంచి పడిపోయే భయం ఉంటుంది. హెచ్-4 మీద పని చేసే అనుమతి కొందరు భార్యాభర్తలకు ఉంది, పిల్లలకు లేదు. ఎఫ్-1 పిల్లలకు స్కూల్లో ఇంటర్నేషనల్ ఆఫీసు అయినా హెచ్చరిస్తుంది. హెచ్-4 పిల్లను చూసి ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే ఆమె అమెరికన్ పిల్లలాగే ఉంటుంది. టీమ్ మొత్తానికి కలిపి వచ్చిన ఒప్పందంలో సంతకం పెట్టేసిన ఒక అమ్మాయి వాళ్లమ్మ నాకు రాత్రి పదింటికి ఫోన్ చేశారు. ఆవిడ గొంతు ఇంకా గుర్తుంది. అదృష్టం కొద్దీ ఇంకా పని మొదలుకాలేదు, డబ్బు రాలేదు, వెనక్కి తీసుకోగలిగారు.

దయచేసి సంతకానికి ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. నన్నూ కాదు, కోచ్‌నూ కాదు. లాయర్ ఫీజు కొన్ని వందల డాలర్లు. గ్రీన్‌కార్డు దరఖాస్తులో "అనుమతి లేకుండా పని చేశారా" అనే ప్రశ్నకు జవాబు రాయాల్సిన రోజు వస్తుంది.

అపోహ: కాంట్రాక్టు మామూలు ఫార్మాలిటీ.

ఫ్లోరిడా యూనివర్సిటీ ఆటగాడు జెర్వాన్ డెక్స్‌టర్ 2022లో ఒక సంస్థ దగ్గర 4,36,485 డాలర్లు తీసుకున్నాడు. బదులుగా ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో వచ్చే సంపాదనలో, ట్యాక్స్ తీయకముందే 15 శాతం, 25 ఏళ్ల పాటు ఇవ్వాలి. తర్వాత కోర్టుకెక్కాడు. చదివినప్పుడు నాకు వడ్డీ వ్యాపారుల ప్రామిసరీ నోట్లు గుర్తొచ్చాయి. మీ పిల్లల కాగితంలో మూడు చూడండి: ఎన్నాళ్లు, వేరే బ్రాండుతో చేయకూడదని ఉందా, కాలేజీ అయిపోయాక కూడా ఫొటో వాడుకుంటారా. స్కూలుకు ఉన్న బూట్ల ఒప్పందంతో గొడవ రాకూడదు. ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ 1లో 600 డాలర్లు, ఆపైన ఉన్న బయటి ఒప్పందాలను ఐదు పనిదినాల్లో ఎన్‌ఐఎల్ గో అనే పోర్టల్‌లో చెప్పాలి.

అపోహ: సంపాదిస్తే స్కాలర్‌షిప్ పోతుంది.

ఆట మీద ఇచ్చే స్కాలర్‌షిప్ దీనివల్ల పోదు. కుటుంబ ఆదాయం చూసి ఇచ్చే పెల్ గ్రాంట్ లాంటివి మాత్రం తర్వాతి ఏడాదుల్లో తగ్గవచ్చు. ఇంకోటి, పిల్ల తన ఖర్చుల్లో సగానికి పైగా తన సంపాదనతోనే పెట్టుకుంటే, అమ్మానాన్నలు ఆమెను డిపెండెంట్‌గా చూపలేరు.

అపోహ: కాలేజీలోనే డబ్బు వస్తుంటే ఇక ప్రొఫెషనల్ కానక్కర్లేదు.

నెల్లూరు మూలాలున్న కుటుంబంలో పుట్టిన టెన్నిస్ ఆటగాడు నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి, 2024 డిసెంబరులో ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ తర్వాతి నెలలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులో జకోవిచ్ దగ్గర మొదటి సెట్ గెలిచాడు. ప్రైజ్‌మనీకి కాలేజీ నియమాలు వేరుగా ఉంటూ వచ్చాయి, ఎన్‌ఐఎల్ వచ్చాక కూడా. నార్త్ కరోలినా టెన్నిస్ క్రీడాకారిణి రీస్ బ్రాంట్‌మైర్ దాని మీదే 2024లో కోర్టుకెళ్లింది. కాబట్టి టోర్నమెంటుకు పేరు ఇచ్చే ముందే స్కూల్లో నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకు మెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకుని దాచుకోండి. నా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ మెయిల్, ఒప్పందాల కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకురండి. వీలైతే జనవరి 15 లోపలే రండి.