వ్యాయామంలో వినికిడి యంత్రం: అపోహలు - వాస్తవాలు

నడకకో, ఆటకో బయలుదేరే ముందు వినికిడి యంత్రాన్ని తీసి డబ్బాలో భద్రపరిచేవారిని ఆడియాలజిస్టుగా నేను తరచుగా చూస్తుంటాను. ఖరీదైన వస్తువు పాడవుతుందన్న వారి భయం సహజమే, అయితే ఆ భయం కింద కొన్ని అపోహలున్నాయి.

అపోహ: వ్యాయామ సమయంలో యంత్రం తీసేయడమే క్షేమం.

వాస్తవం: రోడ్డు మీద నడిచేవారికీ సైకిల్ తొక్కేవారికీ వెనుక నుంచి వచ్చే వాహనం చప్పుడు వినపడటం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. ఈతకూ, చెవికి దెబ్బ తగిలే ఆటలకూ మాత్రం తీసేయమనే చెబుతాను.

అపోహ: ఐపీ 68 రేటింగ్ (ధూళి, నీటి నుంచి రక్షణను తెలిపే కొలమానం) ఉంటే చెమట ఏమీ చేయదు.

వాస్తవం: ఇందులో 6 అనే అంకె ధూళి లోపలికి చొరబడదని, 8 అనే అంకె తయారీదారు పేర్కొన్న లోతులో, పేర్కొన్నంత సేపు నీటిలో ముంచినా తట్టుకుంటుందని చెబుతాయి. ఆ పరీక్ష చేసేది మంచినీటితో. చెమటలో ఉప్పు ఉంటుంది, తడి ఆరిపోయినా ఆ ఉప్పు మిగిలిపోయి మైక్ రంధ్రాలను మూసేస్తుంది, బ్యాటరీ తగిలే లోహపు భాగాలను తినేస్తుంది. పైగా జింక్-ఎయిర్ బ్యాటరీకి (వినికిడి యంత్రాల్లో వేసి మార్చుకునే చిన్న బిళ్ల బ్యాటరీ) గాలి అందితేనే కరెంటు పుడుతుంది కనుక, గాలి రంధ్రానికి చెమట అడ్డుపడి యంత్రం ఆగిపోతే, చాలామంది బ్యాటరీ అయిపోయిందనుకుని కొత్తది వేస్తారు.

అపోహ: తడిసిన యంత్రాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టవచ్చు.

వాస్తవం: దయచేసి ఈ పని ఎప్పుడూ చేయకండి. ఆ వేడికి ప్లాస్టిక్, లోపలి అతుకులు దెబ్బతింటాయి. వ్యాయామం ముగియగానే యంత్రాన్ని ఆపి, మెత్తటి పొడిబట్టతో తుడిచి, బ్యాటరీ తీసి, దాని తలుపు తెరిచి ఉంచి, రాత్రంతా తేమను పీల్చే సిలికా జెల్ గుళికలున్న మూత డబ్బాలో పెట్టండి. జింక్-ఎయిర్ బ్యాటరీని ఆ డబ్బాలో వేయకూడదు, బ్యాటరీ లోపలి తేమ కూడా ఇంకిపోయి త్వరగా పాడవుతుంది. ఛార్జింగ్ యంత్రమైతే పూర్తిగా ఆరాకే ఛార్జర్‌లో పెట్టాలి. రంగు మారే గుళికలు వాడుతుంటే, రంగు మారిన తరువాత అవి తేమను పీల్చవని గుర్తుంచుకోండి. నా దగ్గరకు వచ్చే డబ్బాలలో చాలావాటిలో ఉండేవి అలా రంగు మారిపోయిన గుళికలే.

అపోహ: పరుగెడితే యంత్రం జారిపోక తప్పదు.

వాస్తవం: చెవి గుంటకు సరిపోయే డోమ్ (చెవిలో అమరే మెత్తటి తొడుగు) లేదా మౌల్డ్ (చెవి కొలతకు చేసిన అచ్చు) ఉంటే సాధారణంగా జారదు. సన్నని దారం ఒక కొసను యంత్రానికి తగిలించి, రెండో కొసనున్న క్లిప్పును చొక్కా కాలరు వెనుక పెట్టుకుంటే, ఒకవేళ చెవి నుంచి ఊడినా నేల మీద పడకుండా వీపు మీదే వేలాడుతుంది.