కారీ చెట్టు మీద మంచె

జొన్నచేను కంకి వేసే వేళకు రైతు మంచె కట్టుకుంటాడు. చేను తలల కంటే తన కన్ను ఎత్తులో ఉండాలి, అంతే. పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి మూలన ఉన్న అటవీ అధికారులకు 1930లలో అడవి మంటలను కనిపెట్టడానికి అదే అవసరం వచ్చింది. కాకపోతే వాళ్ల చేను కారీ అడవి. మనం జామాయిల్ అని పిలిచే యూకలిప్టస్‌లకు చుట్టమైన ఈ చెట్టు 80 మీటర్లు దాటి పెరగగలదు. అంత అడవిని మించిన గోపురం కట్టడం కంటే చెట్టునే మంచెగా మార్చడం మేలనుకున్నారు. 1937 నుంచి 1952 వరకు అలా ఎనిమిది కారీ చెట్లు కాపలాకు కుదిరాయి.

వాటిలో పేరుపడ్డది పెంబర్టన్ ఊరి దగ్గరి గ్లోస్టర్ చెట్టు. అది పనికొస్తుందో లేదో చూడటానికి జిమ్ వాట్సన్ అనే అటవీ ఉద్యోగి ములుకుల బూట్లు తొడుక్కుని, నడుముకు పట్టీ బిగించుకుని ఎక్కాడు. మాను చుట్టుకొలత 7.3 మీటర్లు. అంత లావు మాను చుట్టూ పట్టీని విసిరి, లాగి, ఒక అడుగు పైకి; మళ్లీ విసిరి, మళ్లీ ఒక అడుగు. సుమారు 40 మీటర్ల దగ్గర కొమ్మలు అడ్డం వచ్చాయి. 58 మీటర్లు ఎక్కి దిగేసరికి ఆరు గంటలు పట్టింది. తరువాత జార్జ్ రేనాల్డ్స్ కొమ్మలు నరికి, మానుకు బెజ్జాలు వేసి, నిచ్చెనలా మేకులు దిగగొట్టాడు. 1946లో ఆ పని చూడటానికి వచ్చిన గవర్నర్ జనరల్ గ్లోస్టర్ డ్యూక్ పేరే చెట్టుకు నిలిచింది. మరుసటి ఏడు కొన మీద చెక్క గది వెలిసింది.

58 మీటర్ల ఎత్తు నుంచి చదును నేల మీద దిగంతం సుమారు 27 కిలోమీటర్లు. కానీ కాపలాదారుకు నేల కనబడనక్కరలేదు. ఎక్కడో పొగ 100 మీటర్లు లేచిందంటే, గాలి తేటగా ఉన్నప్పుడు మరో 36 కిలోమీటర్లు కలిసొస్తాయి.

మన తర్కశాస్త్రం ఈ పనిని ఎప్పుడో పాఠంగా చెప్పింది: కొండ మీద పొగ ఉంది కనుక నిప్పు ఉంది. మంచును చూసి పొగ అనుకుంటే అనుమానం, అంటే గుర్తును బట్టి చేసే ఊహ, తప్పిపోతుందనీ ఆ తార్కికులు హెచ్చరించారు. కాపలాదారు అసలు విద్య అదే. తెల్లవారు మంచు, బండి లేపిన దుమ్ము, రైతు తగలబెట్టిన చెత్త, అడవి మంట: వీటి రంగు, కదలిక, లేచే తీరు వేరు చేయడానికి ఏ పరికరం కంటే ఎక్కువగా ఏళ్ల చూపు కావాలి. దీన్ని ఊరికే కూర్చునే ఉద్యోగం అనుకునేవారితో నేను ఏకీభవించలేను.

పొగ పోల్చుకున్నాక మిగిలింది రేఖాగణితం. ఒక మంచె నుంచి తెలిసేది దిక్కు మాత్రమే, దూరం తెలియదు. ఇంకో మంచె నుంచి కూడా దిక్కు తెలిస్తే పటం మీద రెండు గీతలు కలిసే చోట మంట ఉంటుంది. 20 కిలోమీటర్ల దూరాన ఒక్క డిగ్రీ పొరపాటు పడితే గురి 350 మీటర్లు పక్కకు పోతుంది. దట్టమైన అడవిలో మంట ఆర్పడానికి వెళ్లేవాళ్లకు అది చిన్న తేడా కాదు.

1970లలో చిన్న విమానాలు ఈ పని అందుకున్నాయి. 1973లో పాత చెక్క గదిని తీసేసి ఉక్కు, అల్యూమినియంతో కొత్తది కట్టారు. అప్పటికి పదేళ్ల ముందే చెట్టు ఎక్కడానికి సందర్శకులను అనుమతించారు. వాట్సన్ పట్టీ విసిరిన మాను చుట్టూ 153 మేకులు మెలిక తిరిగి పైకి సాగుతాయి, మేకుకూ మేకుకూ నడుమ ఖాళీ గాలే.