పరీక్షలు కోట్లలో చేశారు, పసిపిల్లల మాటేమిటి?

ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారిపోయే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్ ఎనీమియా మళ్లీ చర్చలోకి వచ్చింది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని ప్రారంభించిన జాతీయ మిషన్, గిరిజన ప్రాంతాల్లో 0–40 ఏళ్ల వయసున్న 7 కోట్ల మందికి మూడేళ్లలో పరీక్షలు చేస్తామంది. ఆ గడువు 2025–26తో సరి. 2025 జులై నాటికే 6 కోట్లు దాటామని, 2 లక్షల మందికి పైగా రోగులను గుర్తించామని కేంద్రం చెప్పింది. లెక్క ఘనంగానే ఉంది. అయితే పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీల్లో ఈ జబ్బుతో పుట్టిన పిల్ల అయిదేళ్లు నిండేదాకా బతికేందుకు ఏం చేశామన్న ప్రశ్నకు ఆ లెక్కలో జవాబు లేదు.

1952లో నీలగిరి గిరిజనుల్లో ఈ జబ్బు బయటపడిన సంగతి చాలామందికి తెలిసిందే. అందరినీ జల్లెడ పట్టాలా, పుట్టిన బిడ్డలను ముందు పట్టుకోవాలా అన్న ఇవాళ్టి తగువుకు మూలం మాత్రం 1986లో ఉంది. ఆ ఏడాది రెండు పరిశోధనలు వెలువడ్డాయి. మొదటిది అమెరికాది. మూడేళ్లలోపు రోగులకు రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ ఇస్తే తీవ్రమైన ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. మరుసటి ఏడాదే అక్కడి నిపుణులు పుట్టిన ప్రతి బిడ్డకూ పరీక్ష చేయాలని సిఫారసు చేశారు.

దీనికి బాట వేసింది జమైకా. 1973 నుంచి కింగ్‌స్టన్‌లో లక్ష కాన్పుల్లో పుట్టిన పిల్లలను పరీక్షించి, 315 మందిలో జబ్బును గుర్తించి, ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. ఈ పిల్లల్లో ఒక్కోసారి రక్తం పెద్దఎత్తున ప్లీహంలోకి (ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం) చేరిపోతుంది. పొట్ట ఉబ్బుతుంది, ఒళ్లు పాలిపోతుంది, గంటల్లో ప్రాణం పోతుంది. అందుకే ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి, గట్టిగా తగిలితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలని తల్లులకు నేర్పారు. ఆ మరణాలు బాగా తగ్గాయి. నేర్పింది అమ్మలకు, అదీ వట్టి చేతులతో చూసుకోవడం!

రెండో పరిశోధన లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది, ఒడిశా రోగుల మీద. వీరిలో పిండదశ హిమోగ్లోబిన్ (కడుపులో ఉన్నప్పటి రకం, జబ్బు తీవ్రతను తగ్గిస్తుంది) ఎక్కువ కాబట్టి జమైకా వారికన్నా తీవ్రత తక్కువని తేల్చింది. చూసినంతవరకు అది నిజమే. కానీ క్లినిక్ దాకా వచ్చింది బతికి బట్టకట్టినవాళ్లు. ఏడాది నిండకుండా గూడెంలోనే కన్నుమూసిన పిల్లలు ఏ రిజిస్టర్‌లోకి ఎక్కుతారు? తర్వాత నాగ్‌పూర్ వైద్యులు చిన్నపిల్లల్లో జబ్బు తీవ్రంగానే ఉందని చూపించారు. అప్పటికే ‘మన దగ్గర తేలికే’ అన్న అభిప్రాయం పాతుకుపోయింది. అక్కడే దారి తప్పామని నా నమ్మకం.

2006లో గుజరాత్ మొదలుపెట్టిన కార్యక్రమం మిగతా రాష్ట్రాలకు నమూనా అయింది. చవకైన సాల్యుబిలిటీ పరీక్షతో జల్లెడ పట్టడం వాడుకలోకి వచ్చింది. ఆ పరీక్ష జబ్బున్నవారికీ, వాహకులకూ (తమకు జబ్బు లేకున్నా దాని జన్యువును మోసేవారికీ) తేడా చెప్పలేదు. ఆరు నెలలలోపు పిల్లల్లో దాన్ని నమ్మడానికే వీల్లేదు. అంటే ప్రమాదం మొదలయ్యే వయసుకు ముందు పట్టుకోవాల్సినవాళ్లే దానికి చిక్కరు.

అధికారుల వాదన ఒకటుంది: వాహకులెవరో తెలిసి, పెళ్లికి ముందు పరీక్ష ఫలితం తెలిపే కార్డులు చూసుకుంటే కొత్త కేసులు తగ్గుతాయి. వాహకులిద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు కాబట్టి అందులో పస ఉంది. అయితే ఇప్పటికే పుట్టిన పిల్లకు కార్డు మందు కాదు.

మందు సంగతీ అంతే. నొప్పుల దాడులను తగ్గించే హైడ్రాక్సీయూరియా ఎక్కువగా 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌గానే దొరుకుతుంది. ఎనిమిది కిలోల బిడ్డకు దాన్ని ఎలా పంచి ఇవ్వాలి? పిల్లలకు పనికొచ్చే రూపం తయారీకి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2024లో గానీ కంపెనీలను పిలవలేదు. ఆంధ్రప్రదేశ్ 2020 జనవరి నుంచి సికిల్ సెల్ రోగులకు నెలకు రూ. 10,000 పింఛను ఇవ్వడం మెచ్చుకోదగ్గ పని. కానీ జబ్బు నిర్ధారణ అయ్యేదాకా బతికినవాళ్లకే అది అందుతుంది.

పెన్సిలిన్ ఖరీదైన మందు కాదు. ఈ పిల్లలను బలితీసుకునే ఇన్ఫెక్షన్లను అడ్డుకునే న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతటా పిల్లలకు ఉచితం. నవజాత శిశువుల్లోనూ జబ్బును గుర్తించే కొత్త కిట్లు వచ్చాయి. ఇక కావలసింది, ఏజెన్సీలో కాన్పు జరిగే ప్రతి పీహెచ్‌సీలో బిడ్డ ఇంటికి వెళ్లేలోగా మడమ నుంచి రక్తపు చుక్క తీయడం, జబ్బని తేలితే రెండు నెలలకల్లా పెన్సిలిన్ మొదలుపెట్టడం.