జాకీలో దాక్కున్న బావి

అనంతపురం మార్కెట్టుకు చీనీకాయలు తోలే ఒక తమ్ముడు మొన్న అడిగాడు: "సార్, ఇంటి దగ్గరే పికప్ టైరు మార్చుకోడానికి ఒక జాకీ కొనాల. షాపులో 3 టన్నులది, 5 టన్నులది చూపిచ్చినారు. లోడుతో బండి మూడున్నర టన్నులుంటాది. 3 టన్నులది ఎత్తుతాదా?"

ఎత్తుతుంది. బండిని మొత్తంగా ఎవరూ గాల్లోకి లేపరు కదా. వెనక ఇరుసు మీద రెండున్నర టన్నులు పడ్డాయనుకుంటే ఒక పక్క చక్రానికి టన్నుంపావు. మూటలు అటువైపు ఒరిగితే టన్నున్నర. జాకీ మీద రాసిన బరువులో సగానికి మించి పని చెప్పకూడదన్నది నా లెక్క. ఆ ప్రకారం చూసినా సరిపోయింది.

స్క్రూ తిప్పితే కత్తెరలా లేచే జాకీ దారిలో అవసరానికే. లోడు బండికి అది వద్దు. ట్రాలీ జాకీ బరువు లేపుతూ తన చక్రాల మీద కాస్త జరగాలి. సిమెంటు గచ్చు ఉంటేనే దాని జోలికి పోవాలి. మట్టి వాకిలికి బాటిల్ జాకీయే గతి, అంటే సీసాలా నిలబడి లోపలి నూనె ఒత్తిడితో ఎత్తేది.

ఆరు కిలోల బలానికి టన్నున్నర ఎలా లేస్తుందన్నది నాకు ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న. ఇంటర్ పిల్లలకు పాస్కల్ సూత్రం ఏళ్ల తరబడి చెప్పాను. సన్న గొట్టం, లావు గొట్టం బొమ్మ గీసి "ఇక్కడ చిన్న బలం వేస్తే అక్కడ పెద్ద బలం వస్తుంది" అనేవాణ్ణి. "ఊరికే ఎట్లొస్తాది సార్?" అని ఒక్కడూ అడగలేదు. అడగనివాళ్లకే నూటికి నూరు వేశాను.

లెక్క చూద్దాం. లోపలి సన్న పిస్టన్ అడ్డకొలత 1 సెంటీమీటరు, బండిని ఎత్తే లావు పిస్టన్‌ది 4 అనుకోండి. వైశాల్యం 16 రెట్లు. నూనెలో ఒత్తిడి అంతటా ఒకటే కాబట్టి లావు పిస్టన్ మీద బలమూ 16 రెట్లు. బయటి రాడ్ మీటకోలలా పనిచేసి ఇంకో 15 రెట్లు ఇస్తుంది. మొత్తం 240 రెట్లు. 1500 కిలోలను 240తో భాగిస్తే ఆరుంపావు కిలోలు. చంటిపిల్ల బరువు.

మరి ఇందులో మనం పోగొట్టుకునేదేమిటి? దూరం. రాడ్‌ను 24 సెంటీమీటర్లు కిందికి నొక్కితే బండి లేచేది ఒక్క మిల్లీమీటరు. 15 సెంటీమీటర్లు లేవాలంటే 150 సార్లు నొక్కాలి. ఆ నొక్కుళ్లన్నీ కలిపితే మీ చెయ్యి 36 మీటర్లు, అంటే దాదాపు 120 అడుగులు ప్రయాణించింది. 120 అడుగుల లోతు బావిలోంచి ఆరుంపావు కిలోల బొక్కెనను చేంతాడుతో పైకి చేదినట్టే. మన జిల్లాల్లో అది ఎంత పనో పెద్దవాళ్లనడగండి. జాకీ ఆ బావిని మడత పెట్టి చెంబంత ఇనుప డబ్బాలో దాచింది. పని ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. రాపిడి వల్ల నిజానికి ఇంకాస్త ఎక్కువే.

ఇప్పుడు ఆ నూనె గురించి. దాని మీద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 120 కిలోలు. నీళ్లతో అంత ఒత్తిడి రావాలంటే 1200 మీటర్ల లోతు కావాలి. శ్రీశైలం డ్యామ్ ఎత్తు 145 మీటర్లు. అలాంటివి ఎనిమిది ఒకదానిమీద ఒకటి పేర్చినా కొంచెం తక్కువే పడుతుంది. అంత ఒత్తిడిలో ఉన్న నూనె పిస్టన్ పక్కనుంచి కారకుండా ఏది ఆపుతోంది? ఒక చిన్న వాషర్.

1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు, అంటే ఇదే సూత్రం మీద నీళ్ల ఒత్తిడితో నొక్కే యంత్రానికి, పేటెంటు తీసుకున్నాడు. ఆయన్ని ఏడిపించింది కారడమే. వాషర్ బిగిస్తే పిస్టన్ కదలదు, వదులు చేస్తే నీళ్లు చిమ్ముతాయి. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే దీనికి దారి చూపాడంటారు. తోలును దొన్నెలా వంచి, దాని నోరు ఒత్తిడి వచ్చే వైపు తిప్పి పెట్టడం. ఒత్తిడి పెరిగేకొద్దీ దొన్నె అంచు విచ్చుకుని గోడకు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. ఒత్తిడి తగ్గితే తనే వదులవుతుంది. కారాలని చూసే ద్రవం చేతే కాపలా కాయించడం! ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మన జాకీలో తోలుకు బదులు రబ్బరు ఉంటుంది. నూనె తగ్గిందని ఇంట్లో ఉన్న బ్రేక్ ఆయిల్ పోశారో, ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. హైడ్రాలిక్ ఆయిలే పోయాలి. నూనె వెనక్కి పోకుండా ఆపే ఉక్కు గోళీలు కూడా ఉంటాయి. గోళీ కింద ఇసుక రేణువు ఇరుక్కుంటే బండి చప్పుడు లేకుండా దిగుతుంది. అందుకే జాకీ ఎత్తడానికే. బండిని నిలబెట్టడానికి ఇనుప స్టాండు వేరే పెట్టాలి, లేకపోతే కిందికి తల పెట్టకూడదు. ఆయుధపూజనాడు టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం, కాదనను. ఎత్తే రోజు మాత్రం ఎదురు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి.

జాకీ కింద ఏం వెయ్యాలి? మనవైపు చేతికందేది కడప బండ. మా వాకిట్లోనే నేనూ అదే వేశాను. పది నొక్కుళ్లకు ఠప్‌మని రెండు ముక్కలైంది. బరువు నేరుగా నొక్కితే ఆ రాయి ఎంతైనా మోస్తుంది. కింద బోలు ఉండి వంగాల్సి వస్తే మాత్రం అప్పడమే. మందపాటి చెక్క మేలు. జాకీ అడుగు 11 ఇంటూ 12 సెంటీమీటర్లయితే నేల మీద చదరపు సెంటీమీటరుకు 11 కిలోల పైన పడుతుంది. తడి నల్లరేగడిలో దిగబడిపోతుంది. 30 ఇంటూ 20 చెక్క వేస్తే అదే రెండున్నర కిలోలు, దాదాపు కారు టైరులో గాలి ఒత్తిడంత.

జాకీని చాసిస్ (బండి చట్రం) కింద కాదు, ఇరుసు కింద, కమాన్ పట్టీ దగ్గర పెట్టాలి. చాసిస్‌ను ఎత్తితే మొదట కమాన్ పట్టీలు సాగుతాయి, చక్రం నేల మీదే ఉండగా జాకీ పొడవు అయిపోతుంది. అందుకని ఆ తమ్ముడిని టైరులో గాలి తీసేసి, ఇరుసు కింద ఎంత సందుందో టేపుతో కొలవమన్నాను. 22 సెంటీమీటర్లు అన్నాడు. చెక్కకు 4 పోతే మిగిలింది 18. షాపులో 5 టన్నుల జాకీ పూర్తిగా దించినా 20 ఉందట, 3 టన్నులది 17. మూడు టన్నులదే తెచ్చుకున్నాడు.