కుండలో చిల్లగింజ

చిట్టితల్లికి, తమ్ముడికి,

తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను తల్లీ. నెలాఖరున సివిల్ రైట్స్ డే అని, అంటే కులవివక్ష మీద ఉన్న చట్టాలు, హక్కులు చెప్పే రోజని, మీ ఊరి ఎస్సీ కాలనీకి ఎమ్మార్వో గారు, ఎస్సై గారు వచ్చి మాట్లాడారన్నావు. "ఎవరు ఎవర్ని కొట్టినా కేసు పెడతారుగా తాతయ్యా, కులం చూసి కొడితే మళ్లీ వేరే చట్టం ఎందుకు?" అని అడిగావు. పక్కనుంచి తమ్ముడు "ఏదైనా దెబ్బ దెబ్బేగా!" అన్నాడు. రెండు రోజులుగా ఆ మాటే ఆలోచిస్తున్నా.

మా చిన్నప్పుడు కందుకూరు దగ్గర మా ఊళ్లో తాగడానికి చెరువు నీళ్లే. వానలు పడితే ఎర్రగా, చిక్కటి టీలా వచ్చేవి. మా నాయనమ్మ చిల్లచెట్టు గింజ, చిల్లగింజ అంటారు, అది తీసుకుని, గంధం అరగదీసినట్టు కుండ లోపలి గోడకు నాలుగు చుట్లు రుద్ది, నీళ్లు పోసి మూత పెట్టేది. తెల్లారేసరికి పైనంతా తేట, బురదంతా అడుగున. దాహానికి ఆగలేక గ్లాసు లోతుగా ముంచామా, "కదపమాకండ్రా, మళ్లీ లేస్తది!" అని కేకేసేది.

ఒకరి మీద కోపంతో కొట్టడం ఆ ఒక్కరి కుండ పగలగొట్టడం లాంటిది. తప్పే, శిక్ష పడాల్సిందే. ఫలానా కులంలో పుట్టావు కాబట్టి కొడుతున్నా అంటే మాత్రం ఊరుమ్మడి చెరువులో బురద కలిపినట్టు. దెబ్బ తిన్నది ఒక్కరే అయినా, ఆ రాత్రి వాడలో ఎవరికీ నిద్ర పట్టదు. రేపు మన పిల్లాడేనేమో అని ప్రతి తల్లీ తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటుంది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి కారంచేడు సంగతి చెప్పాలి. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది, అప్పుడు మన ప్రకాశంలోనే. తాగే నీళ్ల చెరువు దగ్గర మురికి చేయొద్దని దళితులు అడ్డు చెప్పిన చోట గొడవ మొదలైంది. మర్నాడు, 1985 జూలై 17న, ఊరి పెత్తందారీ కులంవాళ్లు దళితవాడ మీద పడి ఆరుగురిని చంపేశారు. మిగిలినవాళ్లు ఊరు వదిలి చీరాల చేరారు. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2008లో. గొడవ జరిగిన ఏడు పుట్టిన ఆడపిల్లకు అప్పటికి ఇరవైమూడేళ్లు, తల్లీ.

కారంచేడు లాంటి ఘోరాలు దేశంలో ఇంకా చాలాచోట్ల జరిగాయి. చివరికి 1989లో పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. 1990 జనవరి 30 నుంచి అమలవుతోంది. అత్యాచారం అంటే ఇక్కడ దౌర్జన్యం అని. మనవాళ్లు అట్రాసిటీ చట్టం అంటారు. దాని కింద కేసు పెడితే డీఎస్పీకి తక్కువ కాని అధికారి దర్యాప్తు చేయాలి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. బాధితులకు సాయం ఉంది. 2016లో మార్చిన నిబంధనల ప్రకారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా ఇవ్వాలి. తీర్పు వచ్చేదాకా ఆపకుండా, చాలా నేరాల్లో కొంత కేసు నమోదైనప్పుడే ఇస్తారు. హత్య జరిగిన ఇంట్లో ఆధారపడినవాళ్లకు నెలనెలా పింఛను, పిల్లలకు డిగ్రీ దాకా చదువు ఖర్చు కూడా రాశారు. సాక్షి కోర్టుకు పోతే చార్జీలు, కనీస కూలికి తగ్గకుండా రోజు భత్యం ఇస్తారు. కూలి పోతుందని ఎంతమంది సాక్ష్యానికి వెనకాడతారో తెలిసినవాళ్లెవరో ఆ ముక్క రాసి ఉంటారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. బాధితులు నోటితో చెప్పింది రాసుకున్నాక, సంతకం పెట్టించుకునే ముందు వాళ్లకు చదివి వినిపించాలి. కావాలని ఈ పని చేయని అధికారికి కూడా జైలుశిక్ష ఉంది. చదువురాని మనిషి స్టేషన్లో ఏం రాశారో తెలియని కాగితం మీద వేలిముద్ర వేయడం నేను చూశాను. చెయ్యి వణకడం చూశాను. అందుకే ఆ ఒక్క వాక్యం నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఫోన్ చేసి చెప్పుకోవడానికి 14566 నంబరుంది, డబ్బులు పడవు. నోట్‌బుక్ వెనక రాసుకో.

ఇక నా సంగతి. నాకు పదేళ్లప్పుడు మా ఊరి టీ కొట్టు బయట, పందిరి గుంజకు రెండు గ్లాసులు వేలాడుతుండేవి. ఒకటి అంచు సొట్టపోయిన సత్తు గ్లాసు. నా పక్కన కూర్చుని చదివే స్నేహితుడు ఆ గ్లాసు తీసి పట్టుకుంటే, పైనుంచి టీ పోసేవారు. తాగి, తనే కడిగి, మళ్లీ గుంజకు తగిలించేవాడు. నేను లోపల బల్ల మీద కూర్చుని గాజు గ్లాసులో తాగేవాణ్ణి. అంటరానితనాన్ని నేరంగా చెప్పిన 1955 చట్టం అప్పటికే ఉంది. ఊళ్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒక్కరోజైనా లేచి బయటికి వెళ్లి వాడి పక్కన నిలబడి తాగి ఉండొచ్చు. ఆ పని చేయలేదని ఇప్పటికీ బాధపడుతుంటాను.

చట్టం మా నాయనమ్మ చిల్లగింజ లాంటిదని నాకనిపిస్తుంది. బురదను అడుక్కి దించుతుంది, లేవనివ్వదు. అయితే తేట నీళ్లు వంచుకున్నాక, అడుగున పేరుకున్నదాన్ని ఎవరో ఒకరు చేయి పెట్టి తోమి పారబోయాలిగా? మా ఇంట్లో ఆ పని పిల్లలదే.

వచ్చే నెలాఖరున మళ్లీ మీటింగ్ పెడితే అమ్మను అడిగి ఇద్దరూ వెళ్లండి. ఎవరెవరు వచ్చారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు లేచి మాట్లాడారు, ఎవరు మాట్లాడబోయి ఆగిపోయారు, అన్నీ చూడండి. టీ ఇస్తే గ్లాసులు చూడండి.

కవర్లో ఒక చిల్లగింజ పెట్టాను. అమ్మనడిగి మట్టికుండలో రుద్ది, వానకు ఎర్రబడ్డ బురద నీళ్లు పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నే తేట వంచేసి, అడుగున ఎంత మిగిలిందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య,
ఒంగోలు