శాలువా, బొకే, మధ్యలో కాస్త ఫిజిక్స్

మొన్న గుంటూరు దగ్గర ఓ క్యాంపస్‌లో ఫిజిక్స్ లెక్చర్‌కి వెళ్లాను. గంట ప్రోగ్రాం. జ్యోతి ప్రజ్వలన, బొకేలు, వక్తగారి బయోడేటా మొత్తం చదవడం, శాలువా, గ్రూప్ ఫోటో, ఇవన్నీ పోను ఆయన మాట్లాడటానికి అరగంట మిగిలింది, ప్రశ్నలకైతే రెండంటే రెండు నిమిషాలు. వారం వారం జరగాల్సిన రీసెర్చ్ లెక్చర్, అంటే కొలోక్వియం, మన దగ్గర పెళ్లి రిసెప్షన్‌లా ఎలా తయారైంది?

అసలు ఈ కొలోక్వియం అలవాటు ఒక ఇంట్లో మొదలైంది. 1843లో బెర్లిన్‌లో గుస్టావ్ మాగ్నస్ అనే ప్రొఫెసర్ కుర్ర సైంటిస్టులను ఇంటికి పిలిచి, కొత్త పరిశోధనల మీద మాట్లాడించేవాడు. కొలోక్వియం అన్న లాటిన్ మాటకు అర్థం కూడా కలిసి మాట్లాడుకోవడమే. ఆ గుంపులోని వాళ్లే 1845లో ఫిజికల్ సొసైటీ పెట్టుకున్నారు. అదే తర్వాత జర్మన్ ఫిజికల్ సొసైటీ అయింది, 1900 డిసెంబర్ 14న మాక్స్ ప్లాంక్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్, శక్తిని చిన్న చిన్న ముక్కలుగా లెక్కగట్టే తన క్వాంటం లెక్కను వినిపించిందీ అక్కడే. మన సి.వి. రామన్ సంగతి చూడండి, 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో చూసిన రామన్ ఎఫెక్ట్‌ను (పదార్థంలోంచి వెళ్లిన కాంతిలో కొంత రంగు మారడం) మార్చి 16న బెంగళూరులో ఉపన్యాసంగా చెప్పి, ఆ ఉపన్యాసాన్నే అచ్చు వేయించాడు.

మన వైపు కథ వేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది బెజవాడలోనే, 1930లో వాల్తేరు తరలిపోయింది (ఇప్పటికీ కొందరికి కడుపుమంట). రామన్ శిష్యుడు సూరి భగవంతం పుట్టింది బెజవాడకు దగ్గర్లోని ఆగిరిపల్లిలో, ఫిజిక్స్ పాఠం చెప్పింది మాత్రం వాల్తేరులో. గుంటూరుకు ఆ యూనివర్సిటీ పీజీ సెంటర్ 1967లో వచ్చింది, నాగార్జున యూనివర్సిటీ 1976లో. అప్పటిదాకా ఇక్కడ ఎక్కువగా డిగ్రీ పాఠాలే. ఎప్పుడో ఒకసారి బయటినుంచి పెద్దమనిషి వస్తే మర్యాద చేసి పంపించడమే తప్ప, వాదన పెట్టుకుంటామా? నా అనుమానం, శాలువా అలా వచ్చి ఉంటుంది.

ఆ మీద రూల్స్ వచ్చాయి. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేముందు డిపార్ట్‌మెంట్‌లో అందరి ముందూ మాట్లాడాలని 2009లో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ అంది, అది మంచిదే. 2010లో లెక్చరర్ల పనికి మార్కులేసే ఏపీఐ పాయింట్లు తెచ్చి, ప్రమోషన్‌కి సెమినార్ పేపర్లనూ ఇన్వైటెడ్ లెక్చర్లనూ లెక్కగట్టడం మొదలెట్టింది. ఇక కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ టీమ్ వస్తుందంటే ఫోటోలు, హాజరు సంతకాలు, సర్టిఫికెట్ కాపీలు ఫైల్లో ఉండాల్సిందే. వెనక బెంచీలోంచి ఎవరో అడిగిన మంచి ప్రశ్నను ఏ ఫైల్లో పెడతారు?

ఆ రోజు టీ అయ్యాక ఒక ఎమ్మెస్సీ అమ్మాయి కారు దగ్గర వక్తను ఆపి, "సార్, ఆ మూడో స్లైడ్‌లో గ్రాఫ్ ఎందుకు వంగింది?" అని అడిగింది. ఆయన ఇన్విటేషన్ కార్డు వెనక్కి తిప్పి గీయడం మొదలెట్టాడు. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు, ఆయన వినిపించుకోలేదు.